కానుకల సంచికి ఇద్దరు, పిల్లలకు ఒక్కడా?



ఆదివారం ఆరాధన ముగిశాక మన పల్లె సంఘాల్లో జరిగే పని ఒకటి మీకందరికీ తెలుసు. కానుకల సంచిని బల్లమీద కుమ్మరిస్తారు. ఒక పెద్ద నోట్లు సర్దుతాడు, మరొక పెద్ద చిల్లర లెక్కపెడతాడు. మొత్తం ఎంతయిందో పుస్తకంలో వ్రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. కోశాధికారి ఎంత భక్తిపరుడైనా ఒంటరిగా కూర్చుని లెక్కపెట్టడు. "ఏం, నన్ను నమ్మరా?" అని అలిగిన కోశాధికారిని మేము ఇంతవరకు చూడలేదు.

అదే సంఘం, అదే వారంలో, ముప్పైమంది పిల్లలను ఒక వ్యానులో ఎక్కించి, అరవై కిలోమీటర్ల దూరంలో జరిగే కూటాలకు ఒకే ఒక యువకునితో పంపిస్తుంది. రెండు రాత్రులు వారక్కడే పడుకుంటారు. ఏ పుస్తకంలోనూ ఎవరూ సంతకం చేయరు. "ఆ అబ్బాయి మనవాడే గదా, ప్రార్థనాపరుడు" అనుకుని తల్లులు అన్నం మూటలు కట్టి సాగనంపుతారు.

కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయం మరొకసారి చదవండి. యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు పౌలు చందా పోగుచేస్తున్నాడు. ఆ సొమ్ము చేరవేయడానికి తీతు ఒక్కడు చాలడా? చాలడనుకున్నాడు పౌలు. సంఘాలలో మంచి పేరున్న సహోదరుని, సంఘాలే ఏర్పరచినవానిని, తీతుతో జతచేశాడు. తమమీద ఎవరూ తప్పు మోపకుండా చూసుకుంటున్నామని, దేవుని యెదుట మాత్రమే గాక మనుష్యుల యెదుట కూడ సరిగా ఉండాలని కారణం చెప్పాడు. పౌలంతటివాడు తన నిజాయితీకి సాక్షిని తానే వెంటబెట్టుకున్నాడు. డబ్బు విషయంలో మనం ఈ పాఠం బాగా నేర్చుకున్నాం. పిల్లల విషయంలో ఇంకా నేర్చుకోలేదు.

ఇట్టి సంగతి కుటుంబ పత్రికలో అవసరమా అని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక ఈ పత్రికను బిగ్గరగా చదివించుకొనే ఇండ్లు మాకు తెలుసు. అట్టి ఇంట కూడ చదువుకోదగిన మాటలతోనే వ్రాస్తాం. వ్రాయకుండా మాత్రం ఉండలేం.

స్కౌట్ల పేరు వినని బడిపిల్లవాడు ఉండడు. మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడింది. అమెరికాలో బాయ్ స్కౌట్స్ సంస్థ అంతకు చాలా ముందే, 1910లో మొదలైంది. దేవునికిని దేశానికిని తన ధర్మం నెరవేరుస్తానని ప్రమాణం చేసి బాలుడు అందులో చేరతాడు. గుడారాలు వేయడం, ప్రథమ చికిత్స, ఇరుగుపొరుగుకు సేవ, ఇవన్నీ నేర్పిస్తారు. నేర్పించేవారిలో అత్యధికులు జీతగాళ్లు కారు. స్వచ్ఛందంగా సమయమిచ్చే పెద్దలు. చాలా దళాలు చర్చి హాళ్లలోనే కూడుకొనేవి. సంఘాలే వాటిని పోషించేవి.

ఆ సంస్థ కేంద్ర కార్యాలయంలో 1920ల నుండి కొన్ని రహస్య దస్త్రాలు ఉంచారు. పిల్లలతో తప్పుగా ప్రవర్తించారని తెలిసినవారి పేర్లు వాటిలో వ్రాసి, మళ్లీ ఏ దళంలోనూ చేర్చుకోకుండా చూడాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. అయితే 1970 నుండి 1991 వరకు గల 1,600 దస్త్రాలను లాస్ ఏంజిల్స్ టైమ్స్ పత్రికవారు పరిశీలించి, 2012లో తాము కనుగొన్నది ప్రచురించారు. 500కు పైగా సందర్భాల్లో సంగతి మొదట సంస్థవారికే తెలిసింది, పిల్లల ద్వారా, తల్లిదండ్రుల ద్వారా, లేక తమ సిబ్బంది ద్వారా. వాటిలో సుమారు 80 శాతం విషయంలో పోలీసులకు తెలియజేసినట్లు దాఖలాయే లేదు. అనేకులను మర్యాదగా, ఏదో ఒక సాకుతో సాగనంపారు. వ్యాపారపు పనుల ఒత్తిడి వలన మానుకున్నాడని ఒకరి విషయంలో వ్రాశారు. నాటకోత్సవంలో పనులున్నందున మానుకున్నాడని మరొకరి విషయంలో వ్రాశారు. అలా వెళ్లినవారిలో కొందరు మరొక ఊళ్లో మరొక దళంలో తేలారు.

ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో 2010లో ఒక వ్యాజ్యం విచారణకు వచ్చింది. అక్కడ ఒక సహాయ స్కౌటు మాస్టరు తాను 17 మంది బాలురను పాడుచేశానని 1983లోనే ఒక సంఘ నాయకుని యెదుట ఒప్పుకున్నాడు. అయినా అతడు పిల్లల మధ్య తిరగడం ఆగలేదు. తరువాత అతని చేతికి చిక్కిన ఒక బాలుడు పెద్దవాడై కోర్టుకెక్కితే, జూరీవారు సంస్థకు 1 కోటి 85 లక్షల డాలర్ల దండన విధించారు. ఆ కేసులో సాక్ష్యంగా వచ్చిన దస్త్రాలే, 1965 నుండి 1985 వరకు 1,200 మందికి పైగా మనుష్యులవి, 2012 అక్టోబరులో కోర్టు ఆజ్ఞతో లోకానికి వెల్లడయ్యాయి. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషను వేసింది. బాల్యంలో తమకు అన్యాయం జరిగిందని 82 వేలకు పైగా మనుష్యులు ముందుకు వచ్చారు. వారికోసం 246 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటుకు 2022లో కోర్టు ఒప్పుకుంది. దళాలకు తమ హాళ్లు ఇచ్చి పోషించినందుకు యునైటెడ్ మెథడిస్టు సంఘాలు కూడ అందులోకి 3 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ డబ్బు ఎక్కడిది? విశ్వాసుల కానుకలే గదా. ఆదివారం ఇద్దరు కూర్చుని సంతకాలు పెట్టి లెక్కపెట్టిన సొమ్ము.

"అది స్కౌట్ల సంగతి" అని గాని, "అది రోమను కథోలిక వారిలో జరిగేది" అని గాని మనం తప్పించుకోలేం. అమెరికాలోని దక్షిణ బాప్తిస్టు సంఘాలను గూర్చి 2019లో హూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ పత్రికలు ప్రచురించిన పరిశోధనలో, ఇరవై యేండ్లలో సుమారు 380 మంది సంఘ నాయకులు, స్వచ్ఛంద సేవకులపై ఆరోపణలు, 700 మందికి పైగా బాధితులు తేలారు. బైబిలు చేతబట్టుకుని బోధించే ప్రొటెస్టెంటులే వారు. యౌవనుల కాపరులు, సండే స్కూలు బోధకులు కూడ ఆ జాబితాలో ఉన్నారు.

ఇంతా చదివి, ఎక్కడో సముద్రాల అవతలి మాట మనకెందుకు అంటారేమో. ఆ దస్త్రాలలో ఉన్నటువంటి ఉత్తరం ఒకటి మేమూ వ్రాశాం గనుక చెబుతున్నాం.

సుమారు ఇరవై యేండ్ల క్రితం. మేము వేదాంత డిప్లొమా ముగించుకుని ఒక పాస్టరేటులో సహాయ కాపరిగా చేరిన కొత్త. అక్కడ యౌవనుల పని చూసే యువకుడు ఒకడుండేవాడు. గిటారు వాయించేవాడు. వైద్య శిబిరం పెడితే బల్లలు మోసేది అతడే. తుఫాను వస్తే బియ్యం మూటలు భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలో వెళ్లేది అతడే. జీతం అడగలేదు, బత్తెం కూడ అడగలేదు. పిల్లలు "అన్నా, అన్నా" అని వెంటబడేవారు. అతనిని చూసి మేమెంతో సంతోషించాం. మా పని సగం తగ్గించాడని లోలోపల ఇంకా సంతోషించాం.

ఒక సాయంకాలం, కూలికి వెళ్లి వచ్చిన ఒక తల్లి కాళ్ల బురదతోనే మా ఇంటి పెరటి గుమ్మం దగ్గరకు వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అయ్యగారూ, మావోడు ఆ అన్నతో ఇంక యాడికీ పోనంటన్నాడండి. ఎందుకురా అంటే ఏడుస్తన్నాడు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తన్నాడు."

"ఏం పరవాలేదమ్మా, ప్రార్థన చేస్తాం" అన్నాం. ప్రార్థన చేసి పంపించాం కూడ. ఆ పిల్లవానికి అప్పుడు పన్నెండేండ్లు.

మరునాడు పెద్దలకు చెప్పాం. వారు ఆ పిల్లవాణ్ణి పిలిపించారు. ఎక్కడికి? చర్చి వెనుక గదిలోకి. ఎవరి యెదుట అడిగారు? ఆ యువకుణ్ణి పక్కనే నిలబెట్టి, నలుగురు మగవాళ్లు ఎదురుగా కూర్చుని అడిగారు. "చెప్పరా, అన్న నిన్నేం చేశాడు?" పిల్లవాడు నేల చూశాడు. "ఏం లేదండి" అన్నాడు. తల్లి గుమ్మం బయట కొంగు నోట అడ్డం పెట్టుకుని నిలబడింది. విచారణ అయిపోయింది.

అయితే పెద్దలకు లోపల అనుమానం తీరలేదు. తీరి ఉంటే అతనిని ఉంచుకొనేవారు. సంఘానికి చెడ్డపేరు రాకుండా వెళ్లిపొమ్మని మెల్లగా చెప్పారు. అతడు ఒప్పుకున్నాడు, మరొక జిల్లాలో పరిచర్య చూసుకుంటాను, ఒక ఉత్తరం ఇప్పించండి అన్నాడు. మా దస్తూరి బాగుంటుందని ఆ పని మాకే అప్పగించారు. మంచి నడవడి గలవాడని, పిల్లల మధ్య దేవుని పని ఆసక్తితో చేశాడని వ్రాశాం. కింద మా పేరు వ్రాసి, సంఘపు రబ్బరు ముద్ర వేశాం. గొడవ లేకుండా పోయిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

రెండేండ్లకు ఆ జిల్లా నుండి ఒక కాపరి ఫోను చేశారు. అక్కడ ఇద్దరు పిల్లల విషయం బయటపడింది. ఆయన మమ్మల్ని కోప్పడలేదు. ఒకే ఒక మాట అడిగారు: "ఈ ఉత్తరం మీద సంతకం తమదేనా అయ్యగారూ?"

మాదేనని చెప్పాం.

అప్పటినుండి మేము ఈ విషయం ఆలోచించని సంవత్సరం లేదు. నలుగురు దుర్మార్గులు కూడి ఆ పని చేయలేదు. అందరం దేవుని పేరు కాపాడుతున్నామనే అనుకున్నాం. ఎక్కడ తప్పాం? ఇంటికి పాలేరును పెట్టుకుంటే నాలుగు ఊళ్లలో విచారిస్తాం. జీతమిచ్చే వాచ్‌మన్ ముందు ఎక్కడ పనిచేశాడో అడుగుతాం. ఊరకనే సేవ చేస్తానని వచ్చినవానిని మాత్రం ఏమీ అడగం. అడగడానికి మొగమాటం. కృతజ్ఞత మన నోరు కట్టేస్తుంది. జీతం తీసుకోని మనిషిని ప్రశ్నించడం పాపమన్నట్లు ఉంటుంది మనకు. బడిలో పెట్టే సేవా క్లబ్బు గాని, స్కౌటు దళం గాని, మన యౌవనుల సమాజం గాని, వీటన్నిటిలో ఉన్న బలహీనత ఇదే. సేవ చేసేవారు మంచివారే. వారిలో నూటికి తొంభైమంది కంటె ఎక్కువే మంచివారని మేము నమ్ముతున్నాం. కాని చెడు తలంపు గలవాడు పిల్లలను ఒంటరిగా చేరే దారి వెదుకుతూ ఉంటే, ప్రశ్నలు లేని చోటునే వెదుక్కుంటాడు.

అట్టివాడు మొదట పిల్లవాని దగ్గరకు రాడు. మొదట పెద్దల నమ్మకం సంపాదిస్తాడు. తరువాత, ఏ ఇంట్లో తండ్రి తాగుబోతో, ఏ ఇంటి తల్లి కువైట్ వెళ్లిందో, ఏ పిల్లవాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడో చూసుకుంటాడు. ఆ ఇంటికి చిన్న చిన్న సాయాలు చేస్తాడు. పిల్లవానికి చెప్పులు కొనిపెడతాడు, ఫోను రీచార్జి చేయిస్తాడు. "ఇది మనిద్దరి మధ్యే" అనే మాట అలవాటు చేస్తాడు. ఈ చివరి మాట మీ బిడ్డ నోట విన్నప్పుడు ఆగి అడగండి. మంచి అన్నకు చిన్నపిల్లలతో రహస్యాలు అవసరం లేదు.

మరొక పొరపాటు భావన కూడ ఉంది. ఆడపిల్లలను కాపాడుకుంటే చాలు, మగపిల్లవానికి ఏమవుతుంది అనుకుంటాం. కేంద్ర ప్రభుత్వంలోని మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో ఒక నివేదిక వెలువరించింది. సగానికి మించినవారు, అనగా 53 శాతం, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అలా చెప్పినవారిలో మగపిల్లలే సగం కంటె కాస్త ఎక్కువ. చేసినవారిలో సగంమంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్థానంలో ఉన్నవారు. ఎక్కువగా కనబడిన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ లెక్కలో మన సంఘాల పిల్లలు లేరని ఎవరు చెప్పగలరు?

రెండవ సమూయేలు పదమూడవ అధ్యాయం మీద ప్రసంగాలు మేము చాలా తక్కువ విన్నాం. మేమూ చాలా కాలం చేయలేదు. దావీదు కుమార్తె తామారును ఆమె అన్న అమ్నోను చెరిచాడు. ఆమె ఊరుకోలేదు, తలమీద బూడిద వేసుకుని, వస్త్రం చింపుకుని, ఏడుస్తూ వెళ్లింది. మరి పెద్దలు ఏం చేశారు? అబ్షాలోము ఊరుకోమన్నాడు, వాడు నీ అన్నే గదా అన్నాడు. తండ్రి దావీదుకు మిక్కిలి కోపం వచ్చింది. కోపం వచ్చింది, అంతే. న్యాయం చేసినట్లు వాక్యంలో లేదు. రెండేండ్లు ఆ ఇల్లు మౌనంగా ఉంది. ఆ తరువాత గొఱ్ఱెల బొచ్చు కత్తిరించే పండుగలో రక్తం చిందింది, అటుపై రాజ్యమే చీలింది. తామారు మాత్రం అన్న ఇంట ఒంటరిగా మిగిలిపోయింది. "మనవాడే గదా, ఊరుకో" అనే మాట మూడువేల యేండ్లనాటిది. మా పెద్దలు ఆ వెనుక గదిలో అన్నదీ అదే.

ఇప్పుడు అలా ఊరుకుంటే అది పాపం మాత్రమే కాదు, నేరం కూడ. మా ఉత్తరం నాటికి లేని చట్టం ఇప్పుడుంది. 2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్న పోక్సో చట్టం, పద్దెనిమిదేండ్లు నిండని ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, వర్తిస్తుంది. ఇట్టి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. "ఎవరైనా" అన్న మాటలో కాపరి ఉన్నాడు. మన దగ్గర రహస్యంగా ఒప్పుకున్నాడన్న కారణానికి మినహాయింపు వ్రాయలేదు. తెలిసీ చెప్పనివారికి ఆరు నెలల వరకు జైలు గాని జరిమానా గాని పడవచ్చు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని ఒక సంస్థ అధిపతి దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా. మతసంస్థ యాజమాన్యంలోనివారు గాని సిబ్బంది గాని నేరం చేస్తే శిక్ష ఇంకా తీవ్రంగా ఉంటుంది. మంచి మనస్సుతో సమాచారమిచ్చినవారిమీద కేసు ఉండదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక ఆదివాసీ బాలికల హాస్టలు సంగతిలో, పిల్లలకు వైద్యం చేసిన డాక్టరు తెలిసీ చెప్పలేదన్న కేసును హైకోర్టు కొట్టివేస్తే, సుప్రీంకోర్టు 2022 నవంబరులో ఆ తీర్పును రద్దుచేసి కేసును నిలిపింది. చెప్పకపోవడం చిన్న నేరం కాదని స్పష్టం చేసింది.

పోలీసు స్టేషను అంటే పల్లెవారికి భయం. నిజమే. అందుకే ఇది తెలుసుకోండి: బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటి దగ్గరే, సాధ్యమైనంత వరకు మహిళా ఎస్.ఐ. చేత, యూనిఫారం లేకుండా వ్రాసుకోవాలని చట్టమే చెబుతుంది. బిడ్డను రాత్రివేళ స్టేషనులో ఉంచకూడదు. పేరు, ఊరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. స్టేషనుకు వెళ్లే ధైర్యం లేకపోతే 1098కు ఫోను చేయవచ్చు, డబ్బు పడదు. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఉచితంగా వెంటనే చికిత్స చేయాలి. బట్టలు ఉతకకుండా, ఒక కాగితపు సంచిలో పెట్టి తీసుకువెళ్లండి. ముఖ్యంగా, బిడ్డ చెప్పినప్పుడు మధ్యలో అడ్డు తగలకుండా వినండి. "నువ్వు చెప్పి మంచిపని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. పదిమంది చేత పదిసార్లు చెప్పించకండి. మేము చేసినట్లు ఆ మనిషి యెదుట నిలబెట్టి అడగవద్దు. పెద్దమనుష్యుల పంచాయితీ, డబ్బు ఇచ్చి రాజీ, ఇవి అసలే వద్దు.

"క్షమించమని ప్రభువు చెప్పాడు గదా అయ్యగారూ?" అని ఒక పెద్ద మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. కాని గాయం తగిలింది బిడ్డకు. ఆ బిడ్డ తరపున మనం క్షమించి పంపించే అధికారం మనకెక్కడిది? ఇంకొకటి. కానుకల డబ్బు వాడుకున్న కోశాధికారి పశ్చాత్తాపపడితే క్షమిస్తాం, బల్ల దగ్గరకు రానిస్తాం. సంచి మాత్రం మళ్లీ చేతికివ్వం. అన్యుల యెదుట సంఘం పేరు పోతుందన్న భయం గూర్చి వేరే చెప్పనక్కరలేదు. పేరు కోసం దాచినవారి పేరు ఏమైందో పైన వ్రాశాం.

మా ప్రస్తుత పాస్టరేటులో మూడేండ్లుగా ఒక నియమం పెట్టుకున్నాం. ఏ బిడ్డతోనూ ఏ పెద్దా ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు, ఆడపిల్లలుంటే ఇద్దరిలో ఒకరు స్త్రీ. అమెరికా స్కౌట్లు 1980ల చివర పెట్టుకున్నదీ ఇదే, కాని అప్పటికే ఆలస్యమైంది. చెప్పడానికి సులువే గాని పల్లెల్లో చేయడం కష్టమని ఒప్పుకుంటాం. మాకున్నది ఒకే గది, ఒక రేకుల పందిరి. శిబిరమైతే మగపిల్లలు చర్చిలో, ఆడపిల్లలు పక్క ఇంట్లో పడుకుంటారు. ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు వంతులవారీగా మేలుకుంటారు. రాత్రి పొలం గట్టుకు వెళ్లవలసి వస్తే ముగ్గురు పిల్లలు కలిసి వెళ్తారు. మోటారు సైకిలు మీద ఒక్క పిల్లను ఎక్కించుకోవడం నిషేధం. పిల్లలకు విడిగా వాట్సాప్ సందేశాలు పెట్టకూడదు. తల్లిదండ్రులున్న గుంపులోనే పెట్టాలి. కొత్తగా వచ్చినవారు ఆరు నెలలు సంఘంలో ఉన్నాకనే పిల్లల పనిలోకి వస్తారు. ఉత్తరాలు మేము నమ్మం, ఉత్తరం వ్రాసిన కాపరికి ఫోను చేసి, "మీ సొంత బిడ్డను ఇతనితో పంపిస్తారా?" అని అడుగుతాం. ఒకసారి అవతలి నుండి చాలాసేపు మాట రాలేదు. ఆ మౌనమే మాకు జవాబు. బడిలో క్లబ్బు, స్కౌటు దళం నడిపే మాస్టర్లను కూడ తల్లిదండ్రులు ఈ ప్రశ్నలే అడగవచ్చు: రాత్రి ఎక్కడ పడుకుంటారు, రెండవ పెద్ద ఎవరు, ఏమైనా జరిగితే ఎవరికి చెప్పాలి? మంచి మాస్టరు నొచ్చుకోడు. ఈ నియమం అతనిని కూడ నిందనుండి కాపాడుతుంది.

నొచ్చుకున్నవారు మాకూ ఉన్నారు. మొదటి సంవత్సరం వి.బి.యస్.లో పాటలు నేర్పే ఒక సహోదరుడు, తన మీద నమ్మకం లేదా అని అలిగి మానుకున్నాడు. అతనిలో ఏ తప్పూ లేదని మేము అనుకుంటున్నాం. బతిమాలాం, నియమం మాత్రం మార్చలేదు. ఆ యేడు పాటలు సరిగా రాలేదు. వాన వస్తున్న ఒక రోజు మేమే ఒక పిల్లను బండి మీద దింపబోతే, వంట చేసే ముసలమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "రెండో మనిషేరండీ అయ్యగారూ?" అని నిలేసింది. వాన వెలిసేదాకా అందరం పందిరి కింద కూర్చున్నాం.

మొదట చెప్పిన ఆ పన్నెండేండ్ల పిల్లవానికి ఇప్పుడు ముప్పై దాటాయి. హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తున్నాడు. చర్చికి వెళ్లడు. ఆ తల్లిని కిందటి సంవత్సరం వెదుక్కుంటూ వెళ్లి, ఆ రోజు పెరటి గుమ్మం దగ్గర ఆమెతో మేమన్న మాటకు క్షమాపణ చెప్పుకున్నాం. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఆడితో చెప్పండి అయ్యగారూ, నాతో కాదు" అని కొడుకు చిరునామా వ్రాయించింది. అతనికి ఉత్తరం వ్రాశాం. ఆనాడు మేము ఏం చేశామో, ఎవరికి ఏమని వ్రాసి ఇచ్చామో, దాచకుండా అన్నీ వ్రాశాం. ఇప్పుడైనా ఫిర్యాదు చేయదలిస్తే మేము వచ్చి సాక్ష్యం చెబుతామని కూడ వ్రాశాం. జవాబు ఇంకా రాలేదు.